సూరయ్య ఇంటి కొస

విమానంలో కూర్చోవడం దాలయ్యకి కష్టం కాలేదు. అసలు కష్టమంతా నేల మీద కాలు పెట్టాకే మొదలైంది. ఎక్కడో గుజరాత్‌లోని వెరావల్ రేవు నుంచి మనిషిని రాత్రికి రాత్రి తెచ్చి విశాఖపట్నంలో దించేశారు. అక్కణ్ణుంచి ఇదిగో ఇక్కడున్న విజయనగరానికి మాత్రం చేరనివ్వరంటే ఎవరికి ఒళ్ళు మండదు చెప్పండి!

మొదటి మర్యాద సామాన్ల బెల్టు దగ్గరే జరిగింది. పెట్టెలు ఒక్కొక్కటే నాజూగ్గా తిరిగొస్తున్నాయి. వాటి వెనక దాలయ్య నీలం బస్తా వచ్చింది. చుట్టూ చుట్టిన ప్లాస్టిక్కు ఎక్కడ చిరిగిందో ఏమో, బస్తా కనపడక ముందే దాని వాసన వచ్చింది. లోపలున్నవి ఎండుచేపలు, సావళ్ళూ నెత్తళ్ళూ, ఎండు రొయ్యలు. నలుగురూ నాలుగడుగులు వెనక్కి వేశారు. సెంటు రాసుకున్న ఒకాయన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇది నీదేనా అన్నట్టు చూశాడు. దాలయ్య బస్తా భుజానికెత్తుకుని, తలొంచుకుని బయటపడ్డాడు.

బయట బావమరిది యుగంధర్ నిలబడి ఉన్నాడు. విజయనగరంలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను. బావని చూసి నవ్వుతూ రెండు చేతులూ చాపి ఎదురొచ్చినవాడు కాస్తా, మధ్యలోనే ఆగిపోయాడు.

"ఏటి బావా ఇది? ఇమానంలో ఎండుసేపలేటి? మన ఊర్లో సముద్రం లేదేటి?"

"మన సముద్రం మనకున్నాదిరా. ఇవి మనోళ్ళు పంపినవి. ఆళ్ళ సేత్తో పట్టి, బోటు మీద ఆళ్ళ సేత్తో ఎండబెట్టుకున్నవి."

వెరావల్ బోట్ల మీద పనిచేసేది సగానికి సగం మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. అక్కణ్ణుంచి ఎవడు ఇంటికి బయల్దేరినా మిగతా అందరి మూటలూ వాడే మోసుకెళ్ళాలి. అది రాయని కట్టుబాటు. ఎవరి పొట్లానికి వాళ్ళు వలదారంతో తమ పద్ధతిలో ముడేస్తారు. ఆ ముడి చూసి ఇంట్లోవాళ్ళు ఇది మావాడిదే అనుకోవాలి. నా వల్ల కాదు, నాకు తొందర పనుంది అని దాలయ్య ఆ రేవులో అనలేడు. అంటే మళ్ళీ ఆ బోటెక్కలేడు.

తొందర మామూలు తొందర కూడా కాదు. ఆ రోజు మంగళవారం. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, చివర పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, వీధుల్లో తిరిగే రోజు. సిరిమానుకి ముందు బెస్తవారి వల నడుస్తుంది. దాలయ్య వాళ్ళ తాతల నాడు చేసుకున్న ఒప్పందం ప్రకారం వల నాలుగు కొసలూ నాలుగిళ్ళవి. వల ఎత్తబోయే ముందు పెద్దమనిషి ఒక్కో ఇంటినీ మూడేసి సార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ ఆ ఇంటి మగవాడు పలక్కపోతే, ఆ కొస ఐదో ఇంటికి పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్ళీ తిరిగి రాదు. దాలయ్య తండ్రి సూరయ్య బతికున్నన్నాళ్ళూ ఆ కొస పట్టాడు. ఆయన తరవాత పెద్దకొడుకు అప్పలసూరి పట్టాడు. ఆ అప్పలసూరి శనివారంనాడు మేడ మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయనకి ఉన్నది ఆడపిల్లలు. దాలయ్యకి పిల్లలే లేరు. ఇంక సూరయ్య ఇంటికి మిగిలిన చెయ్యి దాలయ్య ఒక్కడే.

ఆ ఐదో ఇల్లు నూకయ్యది. వరసకి మావ. పదేళ్ళుగా ప్రతి పండక్కీ తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని, ఏ ఇంటి చెయ్యి తప్పుతుందా అని వల పక్కన నిలబడే మనిషి.

"బెంగెట్టుకోకు బావా," అన్నాడు యుగంధర్. "ఇక్కణ్ణుంచి సింహాచలం టేసను ఎంత దూరం? పాసింజరెక్కితే గంటలో ఇజీనారం. నాను పొద్దున్న అలాగే వచ్చినాను. అంతా సూసుకునే వచ్చినాను."

అంతా చూసుకున్నవాడు ఆటోవాడి మెళ్ళో మాల మాత్రం చూసుకోలేదు. అమ్మవారి దీక్షలో ఉన్న ఆటోవాడు బస్తా వాసన తగలగానే చెంపలేసుకున్నాడు. "తప్పు, తప్పు. మాలేసుకున్నాను బాబూ. అది నా బండిలో ఎట్టకండి." రెండో ఆటో కూడా అంతే. మూడోవాడికి మాల లేదు గానీ, పండగపూట దీక్షలో ఉన్నవాళ్ళు ఎక్కే బండిని కంపు చేసుకోలేనన్నాడు. దాలయ్యకి కడుపులో అగ్గి రాజుకుంది. ఒకటి ఆకలి, రెండోది కోపం. వల పట్టేవాడు ఆ పూట మంచినీళ్ళు తప్ప ముట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. చెప్పులు వెరావల్‌లోనే వదిలేశాడు.

"నడు," అన్నాడు.

తారు రోడ్డు మీద వట్టికాళ్ళతో, భుజాన బస్తాతో నడిచి గోపాలపట్నం దగ్గర సింహాచలం స్టేషనుకి చేరేసరికి, ప్లాట్‌ఫారం మీద తిరనాళ్ళు కనబడ్డాయి. దసరా సెలవులకి ఇళ్ళకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళు, సిరిమాను చూడబోయేవాళ్ళు, పిల్లలు, మూటలు, బిందెలు. రైలు మాత్రం లేదు. కొత్తవలస అవతల పైన కరెంటు తీగ తెగి లైను మీద పడిందట. పండగ కోసం వేసిన ప్రత్యేక బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయట. ఎప్పటికి బాగవుతుందో అడిగితే కిటికీలోని మనిషి చేతులు తిప్పాడు.

యుగంధర్ ఫోను పైకెత్తి చూపించాడు. "ఇందులో మాత్రం టైముకే నడుస్తన్నాది బావా!"

"అయితే ఆ ఫోనెక్కి ఎల్దుం పద," అన్నాడు దాలయ్య.

అదే సమయానికి అన్న దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అప్పలసూరి గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. "ఎక్కడున్నావురా? వల కడిగీసినారు. పసుపు రాస్తన్నారు. నూకయ్య మావ తానం సేసొచ్చి, పంచె కట్టుకుని నిలబడ్డాడు. బేగి రారా. నాన్న పట్టిన కొస పోనాదంటే నాను ఈ కాలు బాగయినా ఊర్లో తిరగలేను."

"వస్తన్నాను అన్నా. ఎలాగోలాగ వస్తన్నాను," అన్నాడు దాలయ్య. ఎలాగో అతనికే తెలీదు.

బస్సుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రైళ్ళు ఎక్కాల్సిన జనమంతా రోడ్డు మీద పడ్డారు. ఒక్కో బస్సూ తలుపులకి మనుషుల్ని వేలాడేసుకుని ఆగకుండానే పోతోంది. ఒకటి దయతలచి నెమ్మదించింది. యుగంధర్ కమ్మీ పట్టుకున్నాడు. దాలయ్య బస్తాతో ఒక కాలు మెట్టు మీద పెట్టాడో లేదో, లోపల్నుంచి గోల లేచింది. "అమ్మో! ఏటది! దింపండి ముందు, దింపండి!" కండక్టరు మంచిగానే చెప్పాడు. "నాకేటీ లేదన్నా. నువ్వెక్కితే ఈళ్ళందరూ నన్ను దింపీసేలాగున్నారు." దాలయ్య దిగాడు. బావ దిగాడని యుగంధర్ కూడా గొణుక్కుంటూ దిగాడు. బస్సు వాళ్ళ మొహాన పొగ కొట్టి పోయింది.

చివరికి ఒక ఇటుకల లారీ వాళ్ళని పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఎక్కించుకుంది. ఇటుకలకి ముక్కులుండవు కదా! వెనక ఇటుక పొడిలో కూర్చుని ఎగిరెగిరి పడుతుంటే, యుగంధర్ ఇస్త్రీ చొక్కా బెల్లం రంగుకి తిరిగింది. వాడు ఫోను తుడుచుకోవడం, బస్తా వైపు చూడ్డం, మళ్ళీ ఫోను తుడుచుకోవడం. దాలయ్య నోరు తెరిస్తే బూతే వచ్చేలా ఉంది.

ఆనందపురంలో పూల బజారు ముందు దిగారు. అక్కడ అదృష్టం కలిసొచ్చినట్టే కనిపించింది. బంతిపూల గంపలెత్తుకుని ఒక వ్యాను సిద్ధంగా ఉంది. ఎక్కడికని అడిగితే డ్రైవరు, "ఇంకెక్కడికి? ఇజీనారం. అమ్మోరికే ఈ పూలు. మా బండికి పాసున్నాది, కోట దాకా పోతాది," అన్నాడు.

దాలయ్యకి ప్రాణం లేచొచ్చింది. వల పట్టేవాణ్ణని చెప్పుకున్నాడు. డ్రైవరు చేతులు జోడించి, "ఎక్కు అన్నా, ఎక్కు. ఇంతకన్న పున్నెమేటున్నాది!" అన్నాడు. అంతలో గాలి తిరిగింది. డ్రైవరు మొహం కూడా తిరిగింది. "ఆ బస్తాలో ఏటున్నాది?"

చెప్పాడు.

"అమ్మోరి పూల పక్కన ఎండుసేపా? నా సేతులు ఇరిగిపోవా! మీరిద్దరూ ఎక్కండి. అది మాత్రం ఇక్కడే ఒగ్గీండి."

యుగంధర్ బావ చెయ్యి పట్టుకున్నాడు. ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కక్కాడు. "ఒగ్గీ బావా! పొద్దున్నుంచి దీనివల్లే కాదేటి మనకీ కర్మ! పిడికెడు సావళ్ళు. కొనిచ్చీగలం. మీ నాన్న కొసని కొనిచ్చీగలవేటి?"

మాట నిజమే. దాలయ్య బస్తాని రోడ్డు పక్కన దించాడు. ఎవరికైనా చెప్పి పెడదామన్నా పండగ రోజు ఎవడు చూస్తాడు? కుక్కలు అప్పటికే తోకలాడించుకుంటూ దగ్గరికి చేరాయి. అతను వ్యాను మీద ఒక కాలు పెట్టాడు. అప్పుడే బస్తా చిరుగులోంచి ఎర్ర వలదారం ముడి ఒకటి బయటికి కనబడింది.

అది రాముడి పొట్లం. రాముడెవడో కాదు, నూకయ్య ఒక్కగానొక్క కొడుకు. తండ్రితో దెబ్బలాడి, ఈ గుమ్మం తొక్కనని ఒట్టేసుకుని రెండేళ్ళ కిందట వెరావల్ పారిపోయినవాడు. ఫోను చెయ్యడు. ఇక్కడ నూకయ్య కూడా ఆ పేరు ఎత్తనివ్వడు. దాలయ్య బయల్దేరుతుంటే, అందరూ మూటలిచ్చి వెళ్ళిపోయాక ఆఖర్న వచ్చి నిలబడ్డాడు రాముడు. "ఇది మా అయ్యకి నీ సేత్తోనే ఇయ్యి దాలయ్యన్నా. ఏటీ సెప్పొద్దు. తీసుకోకపోతే సముద్రంలో పడేసీ." అంతే అన్నాడు. మొహం మాత్రం అటు తిప్పేసుకున్నాడు.

ఇప్పుడా ముడి చూసేసరికి దాలయ్యకి జాలి కాదు, మండుకొచ్చింది. "ఏటిరా నా కర్మ! నూకయ్య కొడుకు మూట మోసుకుంటా కూకుంటే నా కొస నూకయ్యకే పోతాది! ఈడి మూట నానెందుకు మొయ్యాలి? ఏటి, నానేటి ఆడి కూలోడినా?" అని అక్కడున్న కుక్కల మీద అరిచాడు. అరుస్తూనే వ్యాను మీంచి కాలు తీసేశాడు. బస్తా ఎత్తి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఎందుకలా చేశాడని అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. ఆ రేవులో రాముడు మొహం తిప్పుకోకుండా ఉండి ఉంటే, వదిలేసేవాడేమో.

పూల వ్యాను వెళ్ళిపోయింది. యుగంధర్ రోడ్డు మీద చతికిలబడ్డాడు. "నీకు పిచ్చి బావా. నిజంగా పిచ్చే."

"అవున్రా. లెగు."

వాళ్ళని గట్టెక్కించింది చివరికి కోళ్ళ బండి. గజపతినగరం కుర్రాడు, పేరు వెంకీ. పండగ కూరలకి విజయనగరంలో కోళ్ళు దించి రావడానికి పోతున్నాడు. బస్తా వాసన పీల్చి, "బలే ఉన్నాది అన్నా, నా కోళ్ళ కంపుని మీదే మింగీసినాది. ఎక్కండి," అన్నాడు. దాలయ్య వెనక కోళ్ళ బోనుల సందులో కూర్చున్నాడు. తగరపువలస దాటే దాకా ఒక పుంజు అతని చెవి పొడుస్తూనే ఉంది. యుగంధర్ జుట్టు నిండా ఈకలే. పెళ్ళికొడుకులాగ వచ్చినవాడు పెంటదిబ్బ మీంచి లేచినవాడిలాగ తయారయ్యాడు. దాలయ్యకి ఆ పూటకి మొదటిసారి నవ్వొచ్చింది గానీ, నవ్వే ఓపిక లేదు.

విజయనగరం మొదట్లోనే బండ్లన్నీ ఆపేశారు. ఇంక నడకే. గంటస్తంభం కనబడే వేళకి నడక కూడా లేదు, తోపులాటే. మేడల మీద, గోడల మీద, కరెంటు స్తంభాల మీద జనం. రోడ్డుకి అడ్డంగా వెదురు కంచె, దాని ముందు పోలీసులు. కంచె అవతల ఎక్కడో డప్పులు మోగుతున్నాయి. మైకులో పెద్దమనిషి గొంతు వినిపించింది. ఇళ్ళని పిలవడం మొదలెట్టాడు! మొదటి ఇల్లు పలికింది. రెండోది, మూడోది కూడా పలికాయి.

"బాబూ, ఒగ్గండి! నాను వల పట్టాల!" అని దాలయ్య కంచె మీద పడ్డాడు.

కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు. "పాసేది?"

"లేదు బాబూ. ఇమానం దిగి తిన్నగా ఇలాగే వస్తన్నాను."

"ఇమానం దిగి వల పట్టడానికొచ్చినావా? పొద్దున్నుంచి ఎంతమంది సెప్పినారో తెలుసా, వల పట్టాలని? అందరూ వల పట్టేవోళ్ళే! ఎనక్కి జరుగు."

మైకులో గొంతు మోగింది. "సూరయ్య ఇల్లు!"

దాలయ్య "ఉన్నాం!" అని అరిచాడు. డప్పుల్లో ఆ అరుపు అతనికే వినబడలేదు.

ఇంక మాటలతో లాభం లేదని అతనికి తెలిసిపోయింది. పొద్దున్నుంచి మాటలతో ఎవడు విన్నాడు గనక! భుజం మీది బస్తాని కానిస్టేబులు కాళ్ళ ముందు దబ్బున పడేసి, మూతి తాడు పర్రున లాగేశాడు. వాసన గుప్పున లేచింది. ముందు వరస జనం అమ్మో అని వెనక్కి విరుచుకుపడ్డారు. కానిస్టేబులు కళ్ళు చికిలించాడు. ముక్కు ఎగబీల్చాడు. ఆ తరవాత నవ్వేశాడు.

"మాది పాతపట్నం. మా అమ్మ ఇది లేందే ముద్దెత్తదు," అన్నాడు. "పాసు దొంగది అవ్వొచ్చు గానీ ఈ కంపు దొంగది అవదు. పో, పో, బేగి పో!" కంచె పైకెత్తాడు.

"సూరయ్య ఇల్లు!" రెండో పిలుపు.

దాలయ్య విప్పిన బస్తాని అలాగే నెత్తికెత్తుకుని పరిగెత్తాడు. వెనక యుగంధర్. కంచె అవతల కూడా జనమే, ఇసకేస్తే రాలని జనం. అయితే ఇప్పుడు అడగాల్సిన పని లేకపోయింది. బస్తా ముందు వెళ్తోంది, జనం ముక్కులు మూసుకుని రెండు పక్కలకీ తప్పుకుంటున్నారు. "ఓలమ్మో, ఏటా కంపు!" "ఛీ, ఎవడ్రా ఆడు!" ఆటోలో ఎక్కనివ్వనిది, బస్సులోంచి దింపేసింది ఆ వాసనే. ఇప్పుడు వల ఉన్న మూడు లాంతర్ల కూడలి దాకా దారి చేసింది కూడా అదే. దాలయ్య తిట్లు తింటూ, ఆ తిట్లకి దణ్ణాలు పెట్టుకుంటూ పరిగెత్తాడు.

వల కనబడింది. పసుపు నీళ్ళు కారుతోంది. మూడు కొసల దగ్గర ముగ్గురు మనుషులున్నారు. నాలుగో కొస నేల మీద ఉంది. దాని పక్కన కొత్త పంచెలో నూకయ్య. ఒక కొట్టు అరుగు మీద కాలికి పిండికట్టుతో కూర్చుని అప్పలసూరి చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"సూరయ్య ఇల్లు!" అన్నాడు పెద్దమనిషి. మూడోసారి. నూకయ్య వంగాడు.

"ఉన్నాది!" గొంతు చీరుకుపోయేలా అరిచాడు దాలయ్య. "మా ఇల్లున్నాది!"

నూకయ్య చెయ్యి అప్పటికే కొస మీద పడింది. అందరూ ఆయన వైపే చూశారు. నూకయ్య కొసతోనే లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం వదలడేమో అనిపించింది దాలయ్యకి. కొట్టాలన్నంత కోపం వచ్చింది. బస్తాని పక్కకి విసరబోతే, పొద్దున్నుంచి దాన్ని వేలితో ముట్టని యుగంధర్ ఇస్త్రీ పోయిన చొక్కా మీదికి అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

నూకయ్య వచ్చి కొసని దాలయ్య చేతిలో పెట్టాడు. "మీదే. మూడో పిలుపులో పలికినావు," అన్నాడు. అరుగు మీద అప్పలసూరి చిన్నపిల్లాడిలాగ బావురుమన్నాడు. దాలయ్యకీ కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

నూకయ్య వెంటనే పక్కకి పోలేదు. బస్తా వైపు చూస్తూ, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

"అది వెరావల్ నుంచా?"

"అవును మావా."

"అందరివీ ఉన్నాయా?"

అడగాలనుకున్నది అది కాదని దాలయ్యకి తెలుసు. "ఎర్ర దారం ముడిది నీది మావా," అన్నాడు. "నా సేత్తో ఇమ్మన్నాడు. నా సేతిలో ఇప్పుడు వలున్నాది. నువ్వే తీసుకో."

డప్పులు జోరందుకున్నాయి. నాలుగు కొసలూ లేచాయి, వల కదిలింది. వల పట్టినవాడు వెనక్కి చూడకూడదంటారు. దాలయ్య చూశాడు. వెనక జనమంతా బస్తా నుంచి దూరంగా జరిగి ముక్కులు మూసుకుని ఉన్నారు. మధ్యలో ఖాళీ జాగాలో నూకయ్య ఒక్కడే నిలబడి, ఎర్ర దారం పొట్లాన్ని రెండు చేతులతో మొహానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా వాసన పీలుస్తున్నాడు.